పావగడ ఎండకు తెలుగు లెక్క

మూడు దిక్కులా ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉన్న కర్ణాటక తాలూకా పావగడ. అక్కడ తిరుమణి, వల్లూరు మొదలైన ఐదు గ్రామాల పరిధిలో, సుమారు 13,000 ఎకరాలలో పరచిన సౌర ఫలకాల సామర్థ్యం 2,050 మెగావాట్లు. 2018లో ప్రారంభమైన ఈ పార్కు 2019 చివరికి పూర్తయింది. భూమిని కొనలేదు, ఎకరాకు ఏటా 21,000 రూపాయల చొప్పున రైతుల నుంచి లీజుకు తీసుకున్నారు. రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు.

2025 జూన్ నాటికి దేశ స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని కేంద్రం ప్రకటించింది. విన్నవారు మనం వాడే కరెంటులో సగం బొగ్గు లేనిదే అనుకుంటారు. ఉత్పత్తిలో బొగ్గు వాటా ఇంకా సగానికి చాలా పైనే ఉన్నది. పావగడ రేయింబవళ్లు నిండుగా పనిచేస్తే రోజుకు 4.92 కోట్ల యూనిట్లు రావాలి. సౌర కేంద్రానికి అందులో నాలుగో వంతు రావడమే గొప్ప. ఉపన్యాసంతో ఈ తేడా తలకెక్కదు. తెరమీద గంటల గీతను వేలితో జరిపినప్పుడు మధ్యాహ్నం ఆకాశమంటిన పసుపు పట్టీ సాయంత్రం ఏడింటికి నేలకు దిగితే, దాని చోట రాయచూరు, బళ్లారి బొగ్గు, శరావతి నీరు పైకి లేస్తే పదో తరగతి పిల్లవాడు కూడా పట్టుకుంటాడు. నీతి ఆయోగ్ వారి ఇంధన డాష్‌బోర్డు వంటి గణాంక చిత్రాలు ఉన్నవి. నేను చూసినవన్నీ ఆంగ్లంలోనే.

న్యాయవాదిగా నాకు అంతకంటె ముఖ్యమైన గీత మరొకటి: కౌలు గీత. పన్నెండు పెంపుల తరువాత, అంటే 24 ఏళ్లకు, 21,000 సుమారు 37,700 అవుతుంది. వినడానికి బాగున్నది. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకొని పక్క గీతను జరపండి: ఆ సొమ్ము కొనుగోలు శక్తి మొదటి ఏటి 11,700 రూపాయలకు పడిపోతుంది. 3 శాతానికి జరపండి, 6కు జరపండి, ఎవరి అనుమానం వారు తీర్చుకోవచ్చు. అచ్చయిన కరపత్రంలో ఆ వీలు లేదు, ఒక్క అంకె చూపి ఊరుకుంటుంది. ఇక సెంటు భూమి లేక ఆ చేలలోనే కూలికి పోయిన కుటుంబానికి కౌలు గీతే లేదు. ఆ ఖాళీ గడి కూడా చిత్రంలో కనబడాలి.

రాజ్యాంగం 350వ అధికరణం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కునిచ్చింది. జవాబు ఏ భాషలో రావాలో మాత్రం చెప్పలేదు! కనుక అర్జీలోనే అడుగుదాం: పావగడ గంటవారీ ఉత్పత్తి, కౌలు పట్టిక కన్నడంతోపాటు తెలుగులో, ఫోనులో జరిపి చూసుకునే రూపంలో, పంచాయతీ కార్యాలయాలలో అందుబాటులో ఉంచాలి. నమూనా అర్జీ వచ్చే సంచికలో ప్రచురిస్తాము. లీజు పత్రం నకలు ఉన్న కుటుంబాలు పెంపు షరతు ఉన్న పేజీని ముందుగా చదివి ఉంచుకోగలరు.