ఎవురప్పా ఈయన?

మా పదో తరగతి బ్యాచ్ గెట్ టుగెదర్ బనగానపల్లెలో పెట్టుకుందామని వాట్సాప్‌లో జాబితా రాసుకుంటున్నాం. అందరికీ ఇంటిపేరుతో సహా ఉంది. ఒకడికి మాత్రం ‘నత్తోడు’ అని. కింద నవ్వు ఎమోజీలు. అసలు పేరేందని అడిగితే నలభై మందిలో ఒక్కడికీ గుర్తు లేదు. నాక్కూడా.

వాచకం చదవమంటే అతనికి మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కునేది. ఒకరోజు సారే అనుకరించి చూపించాడు. ఇంకేం, మాకు లైసెన్సు దొరికింది. ముగ్గురు నలుగురు వెక్కిరించేవాళ్లు, మిగతావాళ్లం నవ్వేవాళ్లం. నేనెప్పుడూ ఏమీ అనలేదు కాబట్టి మంచివాణ్నే అనుకుంటూ వచ్చాను.

అది అబద్ధం. ఫిన్లండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయంలో క్రిస్టినా సాల్మివల్లి బృందం 1996లోనే చెప్పింది: బడిలో వేధింపు ఇద్దరి గొడవ కాదు. వంత పాడేవాళ్లు, నవ్వేవాళ్లు, చూసీ చూడనట్టు పోయేవాళ్లు అందరికీ అందులో పాత్ర ఉంది. అక్కడి బడుల్లో ‘కివా’ కార్యక్రమం ముఖ్యంగా ఈ ప్రేక్షకుల్ని మార్చడానికే పనిచేస్తుంది.

మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పదేళ్ల తర్వాత, 2007లో, ‘హ్యాపీడేస్’ ర్యాగింగ్‌ని సరదాగా చూపిస్తే మా ఇంజనీరింగ్ తరం ఈలలు వేసింది. సాహిత్యం తక్కువేం తినలేదు. గూనోడు, మెల్లకన్నోడు అంటూ చిన్ననాటి ముచ్చట్లు రాసుకుని మురిసిపోతాం. ఆ పేర్లు మోసినవాళ్లు రాసుకున్న జ్ఞాపకాలు ఎన్ని చదివాం?

“చిన్నప్పుడు ఇవన్నీ మామూలే, వీటితోనే మనిషి గట్టిపడతాడు” అంటారు. గట్టిపడింది మా తోలే.

గోడ మీద నీతివాక్యాలు రాస్తే దయ రాదు. సారు హాజరుపట్టీలోని పేరుతోనే పిలవాలి. తడబడే పిల్లాణ్ని పక్కవాడితో కలిసి చదవనివ్వాలి. నవ్వు మొదలైన చోటే పాఠం ఆపి మాట్లాడాలి. వెక్కిరించినవాణ్ని బెత్తంతో కొడితే, బలమున్నవాడిదే పైచేయి అని వాడికి ఇంకోసారి నేర్పినట్టే. చెప్పుకోడానికి వచ్చిన పిల్లాణ్ని చాడీకోరు అనకూడదు.

బడి పాత రిజిస్టరు చూసి ఒక మిత్రుడు పేరు కనుక్కున్నాడు. జాబితాలో మార్చాను. నిమిషంలో ఒకడు అడిగాడు: “ఎవురప్పా ఈయన?”