షాఫ్ట్‌కు తొడుగు ఉందా?

దుక్కుల కాలం వచ్చిందంటే ట్రాక్టరు బోల్తా పడో, రోటవేటర్‌లో చిక్కుకునో మనుషులు చనిపోయారన్న వార్తలు కనిపిస్తుంటాయి. దురదృష్టమని సరిపెట్టుకుంటాం. కానీ అడ్డంగా ఉందని తీసి పక్కన పెట్టిన రక్షణ భాగమే కొన్నిసార్లు ఆ ప్రమాదాలకు దారి తీస్తుంది.

ట్రాక్టరు వెనకుండే పీటీవో షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. చీర కొంగో, తువ్వాలు అంచో చుట్టుకుంటే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. దాని మీద తొడుగు ఉండేది అందుకే. గ్రీజు పెట్టడానికి తీసినవారు మళ్లీ బిగించకుండానే పని మొదలుపెడతారు.

గేరులో ఉండగా ఇంజిన్ స్టార్ట్ కాకుండా చాలా ట్రాక్టర్లలో సేఫ్టీ స్విచ్ ఉంటుంది. అది చెడిపోతే కొత్తది వేయించకుండా వైరు కలిపి ‘డైరెక్ట్’ చేయిస్తారు. ఆ తర్వాత కింద నిలబడి తాళం తిప్పితే బండి దూకి మనిషి మీదికే ఎక్కొచ్చు.

పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నా ఇది మీకూ అవసరమే. సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోనివ్వకండి. ఒక్క కుదుపు చాలు, పెద్ద చక్రం కింద పడిపోతారు. ట్రాక్టరును కిరాయికి పిలిస్తే గంటకెంత అని అడిగినట్టే, షాఫ్ట్‌కు తొడుగు ఉందా అనీ అడగండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయమనండి. లేకుంటే ఒకవైపే బ్రేకు పడి బండి పల్టీ కొట్టొచ్చు.

ఎవరైనా చిక్కుకుంటే లాగకండి, ముందు ఇంజిన్ ఆపండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి, వెంటనే 108కి ఫోన్ చేయించండి.