గ్రంథపాలకుడూ గురువే

పూర్వం జ్ఞానార్జనకు అడ్డుగా నిలిచినది కొరత. ఒక తాళపత్ర ప్రతిని చూడడానికి పండితులు ఊళ్ళు దాటి వెళ్ళవలసి వచ్చేది. నేడు విద్యార్థికి అడ్డుగా నిలుస్తున్నది సమృద్ధి. ఫోనులో ఒక్క మాట వ్రాస్తే క్షణంలో వేలాది పుటలు ఎదుట నిలుస్తాయి. వాటిలో ఏది సత్యమో, ఏది అర్ధసత్యమో, ఏది కేవలం కల్పనయో నిర్ణయించుకోవలసిన భారం మాత్రం చదువరిదే. ఆ భారాన్ని మోయగల శక్తినే ‘సమాచార అక్షరాస్యత’ అంటున్నారు. అవసరమైన సమాచారం ఏదో గుర్తించడం, దానిని వెదకి సంపాదించడం, దాని విలువను నిర్ణయించడం, సక్రమంగా వినియోగించుకోవడం అనే నాలుగు సామర్థ్యాల కలయిక ఇది. 1989లో అమెరికన్ గ్రంథాలయ సంఘానికి చెందిన ఒక సమితి దీనిని ఈ విధంగానే నిర్వచించింది. ఈ విద్యను కళాశాలలో బోధించడానికి తగినవారు గ్రంథపాలకులని, అందుకు కాలనిర్ణయ పట్టికలో వారికి చోటు కల్పించాలని నా అభిప్రాయం.

పేరు కొత్తదైనా ఈ వివేకం మనకు కొత్త కాదు. న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను చెప్పింది. ఇతరులు చెప్పిన మాట కూడా ప్రమాణమే. కానీ చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. ఉన్నది ఉన్నట్లు చెప్పేవాడే ఆప్తుడు. తెలుగునాట పుట్టి సంస్కృత మహాకావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది ఏదీ వ్రాయనని, అవసరం లేనిది ఏదీ చెప్పనని ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టాడు. నేటి విద్యార్థికి కావలసినది ఆ నియమమే.

ఒక ఉదాహరణతో ఈ బోధన స్వరూపం స్పష్టమవుతుంది. వేమనను గురించి వ్యాసం వ్రాయవలసిన విద్యార్థి ఉన్నాడనుకుందాం. అంతర్జాలంలో ఒక పుట వేమనది ఒక శతాబ్దమని చెబుతుంది. మరొక పుట వేరొక శతాబ్దమని చెబుతుంది. వేమన కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదని తెలియని విద్యార్థి మొదట కనిపించినదానినే సిద్ధాంతంగా స్వీకరిస్తాడు. పద్యాల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. వేమన మకుటాన్ని ఏ పద్యానికైనా ఎవరైనా తగిలించవచ్చు. మకుటం ఉన్నంత మాత్రాన పద్యం వేమనది కాదు. అందువల్లనే సి.పి. బ్రౌన్ వ్రాతప్రతులను సేకరించి, పండితుల సహాయంతో ఒకదానితో ఒకటి పోల్చి చూచి, ఆ తరువాతనే 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రకటించారు.

ఇటువంటి విద్యార్థికి గ్రంథపాలకులు జవాబు చెప్పరు. జవాబును వెదికే మార్గం చూపుతారు. మొదట, ‘వేమన’ అనే విస్తారమైన విషయాన్ని ‘వేమన కాలనిర్ణయానికి గల ఆధారాలు ఏవి?’ అనే ప్రశ్నగా కుదించడం నేర్పుతారు. డ్యూయీ దశాంశ వర్గీకరణను పాటించే గ్రంథాలయంలో తెలుగు సాహిత్యం 894.827 సంఖ్య వద్ద ఉంటుందని తెలుపుతారు. తెలుగు వికీపీడియా 2003 నుండి అందుబాటులో ఉంది. దానిని ప్రవేశద్వారంగా మాత్రమే గ్రహించి, వ్యాసం చివరనున్న ఆధారాల వెంట మూలగ్రంథాలకు చేరుకోవాలని సూచిస్తారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి ‘వేమన’ను, ఆరుద్ర గారి ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ను పక్కపక్కన ఉంచి, ఎవరు ఏ ఆధారంతో ఏమన్నారో పరిశీలింపజేస్తారు. చివరకు ఏ మాట ఏ గ్రంథంలో, ఏ పుటలో ఉన్నదో గుర్తు వేయడం అలవాటు చేస్తారు. పరుల మాటను పరులదిగా చెప్పడం విద్వత్తుకు మొదటి మర్యాద.

ఇది వ్యాసాలకూ మార్కులకూ పరిమితమైన విషయం కాదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్ ద్వారా వ్యాపించి, తెలంగాణలోనూ దేశంలోని ఇతర ప్రాంతాలలోనూ అమాయకుల ప్రాణాలను బలిగొన్నది. 2020లో ఉమ్మెత్త కరోనాను నివారిస్తుందన్న ఒక వీడియోను నమ్మి, చిత్తూరు జిల్లాలో కొందరు దాని రసం త్రాగి ఆసుపత్రి పాలయ్యారు. ‘ఈ మాట ఎవరన్నారు? వారికెలా తెలుసు?’ అన్న రెండు ప్రశ్నలు ఆనాడు ఆ వార్తను అందుకున్నవారి మనస్సులో మెదలి ఉంటే ఎంత అనర్థం తప్పేది!

కృత్రిమ మేధ వచ్చిన తరువాత ఈ అవసరం ఇంకా పెరిగింది. అడిగిన వెంటనే చక్కని వాక్యాలలో జవాబు వ్రాసే యంత్రాలు, లేని గ్రంథాలను కూడా ఉన్నట్లుగా పేర్కొనగలవు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు చాట్ జీపీటీ సృష్టించిన తీర్పులను పరిశీలించకుండానే న్యాయస్థానానికి సమర్పించారు. ఆ తీర్పులు ఎన్నడూ వెలువడనివని తేలడంతో న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. వాక్యం అందంగా ఉన్నంత మాత్రాన అది ఆప్తవాక్యం కాదు.

నేటి పిల్లలు పుట్టుకతోనే ఫోను పట్టారని, వారికి వేరే నేర్పవలసిన పని లేదని కొందరంటారు. వ్రేళ్ళకు వచ్చిన నేర్పు వేరు, బుద్ధికి రావలసిన వివేకం వేరు. ప్రవేశపరీక్షల ఒత్తిడిలో ఇందుకు సమయం ఎక్కడిదని మరికొందరంటారు. వారానికి ఒక్క గంట చాలునని నా సమాధానం. ఈ శిక్షణ ఉన్న విద్యార్థి నకిలీ ప్రకటనలను నమ్మి మోసపోడు. ఏది నమ్మదగినదో త్వరగా తేల్చుకుని తన కాలాన్ని ఆదా చేసుకుంటాడు. పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో ఒకటి. గణితాధ్యాపకుడిగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడయ్యారు. ఉద్యోగం మారినా ఆయనలోని ఉపాధ్యాయుడు మారలేదు.

అయితే, మన కళాశాలలలో అనేకచోట్ల గ్రంథాలయపు గంటను ఇతర పాఠాలు ఆక్రమించుకుంటున్నాయి. కొన్నిచోట్ల గ్రంథపాలకుల పదవి ఖాళీగా ఉంటుంది. మరికొన్నిచోట్ల వారి పని పుస్తకాలిచ్చి పుచ్చుకోవడంతో సరి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని స్థాపించి, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నెలకొల్పి, గ్రంథాలయాన్ని ఉద్యమంగా మలచిన జాతికి ఇది తగినది కాదు. గ్రంథపాలకులను అధ్యాపకులతో సమానంగా తరగతిగదిలోకి ఆహ్వానించాలి. ప్రతి వ్యాసరచనకూ ఆధారాలు చూపే నియమం పెట్టి, అందుకు కొన్ని మార్కులు కేటాయించాలి.

విద్యార్థులు కూడా తమ వంతు కర్తవ్యాన్ని గుర్తించాలి. గ్రంథపాలకుల వద్దకు వెళ్ళి ‘ఈ విషయానికి ఆధారం ఎక్కడ దొరుకుతుంది?’ అని అడగడానికి సంకోచించవద్దు. విన్నదానిని విచారించకుండా నమ్మవద్దు. నమ్మదగినదని తేలనిదానిని ఇతరులకు పంపవద్దు. చదువు ఇచ్చే జ్ఞానం కాలక్రమంలో పాతబడవచ్చు. సత్యాసత్యాలను విచారించే అలవాటు మాత్రం జీవితాంతం తోడుంటుంది.