కోతి మెదడు, తలకాయ కూర



పోయినసారి హాస్టల్ మెనూ గురించి రాశాను. ఈసారి ఒక సినిమా విందు గురించి. సినిమా కబుర్లనుకుని దాటేయకండి, తిరిగి మన కంచం దగ్గరికే వస్తాను.

పోయిన నెల మా సెకండియర్ పిల్లలు ఫోన్లో ఒక వీడియో ముక్క చూపించారు. 1984లో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద టెంపుల్ ఆఫ్ డూమ్’ లోది. కథ 1935 నాటి ఇండియాలో జరుగుతుంది. పంకోట్ అనే కల్పిత సంస్థానంలో విందు. పెద్ద పామును తెచ్చి పొట్ట కోస్తే లోపలినుంచి బతికున్న పిల్లలు బిలబిలమంటూ బయటికొస్తాయి. తర్వాత నల్లటి పెంకు పురుగులు. హీరోయిన్ సూపు అడిగితే గిన్నెలో కనుగుడ్లు తేలతాయి. చివర తీపి వంటకం బదులు కోతి తలకాయలు, పుర్రె మూత తీస్తే లోపల చల్లటి మెదడు. ఆవిడ కళ్లు తిరిగి పడిపోతుంది.

క్లాసంతా మండిపడింది. “మనల్ని ఇంత ఛండాలంగా చూపిస్తారా సార్! మనం ఇవన్నీ తింటామా?”

‘ఛండాలం’ అన్న మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆ రోజు చెప్పలేదు. అదొక పూర్తి పీరియడ్ పని.

పిల్లల కోపంలో న్యాయం ఉంది. ఏ సంస్థానంలోనూ అలాంటి విందు లేదు. తెల్లవాడి సాహస సినిమాకి ఒక అడవి కావాలి, ఒక కోట కావాలి, ఆ కోటలో మనిషి తినలేని తిండి కావాలి. అది చూసి ప్రేక్షకుడు ముక్కు మూసుకుంటే చాలు, ఆ తర్వాత హీరో ఎంతమందిని కొట్టినా అడిగేవాడుండడు. తిండితోనే ముందు మనిషితనం తీసేస్తారు. దివాన్ వేషం వేసిన రోషన్ సేథ్ తర్వాతెప్పుడో సర్దిచెప్పాడు, అది జోకట. తెల్లవాళ్లు మన గురించి ఏమనుకుంటారో తెలిసిన తెలివైన భారతీయులు కావాలనే అవి వడ్డించారట. ఆ జోకు తెర మీద ఎవరికీ కనపడలేదు. మన ప్రభుత్వం స్క్రిప్టులో మార్పులడిగితే వాళ్లు ఒప్పుకోలేదు. షూటింగ్ శ్రీలంకకి మారింది.

సరే, ఇంతవరకూ అందరం ఒకటే. ఇక్కడినుంచే నాకు పేచీ.

“మనం ఇవన్నీ తింటామా?” అన్నారు కదా. ఆ ‘మనం’ ఎవరు? వెనక బెంచీలో ఒక యానాది కుర్రాడున్నాడు. ఆ గంటంతా తల ఎత్తలేదు. బెల్లు కొట్టాక వరండాలో దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: “సార్, ఎలకలు మేం తింటాం.”

సింగరాయకొండ చుట్టుపక్కల వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. వరి పొట్టకొచ్చాక ఎలకలు కొరికేస్తుంటే రైతు ఎవర్ని పిలుస్తాడు? యానాదుల్ని. కుండలో గడ్డి రాజేసి కలుగులోకి పొగ ఊదుతారు, ఊపిరాడక బయటికొచ్చినదాన్ని పట్టుకుంటారు. ఎలకకింతని కూలి. ఎలక వాళ్లదే. కలుగు తవ్వితే దొరికే గింజలూ వాళ్లవే. రైతు పంట నిలిచింది, వాళ్లకి కూర దొరికింది. ఆ రైతు కొడుకే నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుని “ఛీ, ఎలకలు తినేవాళ్లు” అంటాడు. స్పీల్‌బర్గ్‌కి మన గురించి తెలియదు. ఇతనికి తెలుసు. ఎవరిది పెద్ద తప్పు?

ఇంకో మాట. కనుగుడ్ల సూపు చూసి వాంతి చేసుకున్నంత పని చేసిన పిల్లల్లో సగంమంది ఇళ్లలో ఆదివారం తలకాయ కూర వండుతారు. ఆ కూరలో కన్ను నాకంటే నాకని మా ఇంట్లో మేం ముగ్గురం కొట్టుకునేవాళ్లం. మేక మెదడు వేపుడు హోటల్లో ‘భేజా ఫ్రై’ పేరుతో వస్తే స్పెషల్. బోటి, నల్ల, కాళ్ల పులుసు, ఇవన్నీ ఊరూరా ఉన్నాయి. తొలకరికి దీపాల చుట్టూ మూగే ఉసిళ్లని పట్టి వేయించి మరమరాల్లో కలుపుకు తిన్న ముసలమ్మలు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. 2014లో భారత రిజిస్ట్రార్ జనరల్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అయినా హాలీవుడ్డుకి జవాబు చెప్పాల్సి వస్తే ‘భారతీయులు శాకాహారులు’ అనేస్తాం. మిగిలిన రెండు శాతం మనందరి తరఫునా మాట్లాడతారు, మనం తలూపుతాం.

మన సాహస సినిమాలు మాత్రం తక్కువ తిన్నాయా? 1957 నాటి ‘మాయాబజార్’ తీసుకోండి. నాకు ప్రాణమైన సినిమా, ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. భారతంలో హిడింబాసురుడు నరమాంసం వాసన పట్టి వచ్చే రాక్షసుడు. అతని చెల్లెలి కొడుకే ఘటోత్కచుడు. తెర మీద యస్వీ రంగారావు ముందు ఏముంది? గారెలు, బూరెలు, పులిహోర, లడ్లు. ఒక్క ఎముక లేదు! రాక్షసుణ్ణి ప్రేక్షకుడు ముద్దు చేయాలంటే ముందు కంచంలోంచి మాంసం తీసేయాలి. స్పీల్‌బర్గ్ అసహ్యించుకోడానికి పాము పెట్టాడు, కె.వి.రెడ్డి గారు ప్రేమించడానికి లడ్డు పెట్టారు. కొలబద్ద ఒకటే.

2020లో కరోనా రాగానే అందరి ఫోన్లలో గబ్బిలం సూపు వీడియో తిరిగింది గుర్తుందా? అది వుహాన్‌ది కాదు, 2016లో పలావు దీవుల్లో ఒక చైనా ట్రావెల్ వ్లాగర్ తీసుకున్నది. అప్పుడు చైనావాళ్లని తిట్టిన నోళ్లే ఇప్పుడు పంకోట్ విందు చూసి అవమానం అంటున్నాయి. తెలుగు మాస్టార్ని కదా, నాకు గబ్బిలం అంటే 1941 నాటి జాషువానే గుర్తొస్తాడు. ఎవరూ గడప తొక్కని అరుంధతీయుడి గుడిసెలోకి వచ్చింది, అపశకునం అని లోకం తరిమిన ఆ జీవే.

2012 ఏప్రిల్లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే దాడులు జరిగాయి, బాష్పవాయువు వదిలారు. వాళ్లు ఎవరి నోట్లోనూ కుక్కలేదు, అమ్మ వండినదాన్ని యూనివర్సిటీలో వండుకున్నారు. దాడి చేసినవాళ్ల వాదన ఒకటే: మన సంస్కృతిలో ఇలాంటివి తినరు. క్లాసులో నా పిల్లలు అన్న మాట కూడా ఇదే కదూ?

ఆ సినిమాలోనే విందుకి ముందు ఒక చిన్న సన్నివేశం ఉంది, దాన్ని ఎవరూ షేర్ చేయరు. కరువు పట్టిన ఊరు. ఊరివాళ్లు ఉన్న కాస్త తిండీ వచ్చినవాళ్ల ముందు పెడతారు. హీరోయిన్ ముఖం చిట్లిస్తుంది. ఇది వాళ్లకి వారం తిండి, తిను అని హీరో కసురుతాడు. మొత్తం సినిమాలో నిజమైన తిండి ఆ ఒక్క గిన్నెలోనే ఉంది. స్క్రిప్టు చూసిన మన పెద్దలకి రాజుగారి బల్ల మీద పరువు పోతుందన్న బెంగే గానీ ఆ గిన్నె ఎందుకు ఖాళీగా ఉందన్న బెంగ ఉన్నట్టు లేదు.

మిరపకోతలకి ఆటోల్లో కిక్కిరిసి వెళ్లే మన ఆడవాళ్ల క్యారేజీలు విప్పి చూడండి. రేషన్ బియ్యం అన్నం, ఊరిమిండి, ఉల్లిపాయ. చేతులు మిరపమంటతో భగభగలాడుతుంటే ఆ చేతుల్తోనే కలుపుకుని తినాలి. ఏ సాహస సినిమా కెమెరా అటు తిరిగింది?

ఆ కుర్రాడిని ఎలకల వేట గురించి రెండు పేజీలు రాయమన్నాను, వాళ్ల తాత చెప్పే మాటల్లోనే. కాలేజీ గోడపత్రికలో పెడదామన్నాను. “నవ్వుతారు సార్” అన్నాడు. నవ్వినవాళ్లకి నేను తలకాయ కూర కథ చెప్తానన్నాను. ఇంకా ఇవ్వలేదు. వాళ్లమ్మతో కలిసి గుంటూరు వైపు కోతలకి వెళ్లాడు, పది రోజుల్లో వస్తానన్నాడు.