ముందు నీళ్ళు, తర్వాతే చేపలు

బోనస్ డబ్బుల్తో అపిస్టోగ్రమ్మా నిజ్సెని జంట కొన్నా. పెరూలో ఉకయాలి నది చుట్టుపక్కల నల్లనీళ్ళ వాగుల్లో ఉండే బుల్లి చేప; 1979లోగానీ దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టలేదు. రెండుసార్లు గుడ్లు పెట్టింది, రెండుసార్లూ తెల్లబడి బూజు పట్టాయి. చేపల్నే తిట్టుకున్నా. తీరా చూస్తే తప్పు మా బోరునీళ్ళది! ఆ వాగునీళ్ళలో సున్నం దాదాపు ఉండదు మరి.

ఆర్వో నీళ్ళు కలిపి, వీధిలో రాలిన బాదం ఆకులు వేసి, గుహలా ఓ కుండపెంకు బోర్లించా. ఈసారి పిల్లలొచ్చాయి! ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు మారిన తల్లి, మొగుణ్ణి మూలకి తరిమేసి వాటికి కాపలా కాసింది.

అరుదైన చేపని కొనడానికి డబ్బు చాలు, బతికించడానికి చాలదు. అందుకే ముందు టెస్ట్ కిట్ కొనండి, నెల్రోజులు నీళ్ళు పరీక్షించండి, తర్వాతే షాపుకెళ్ళండి. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్లో పెట్టడం మనకలవాటే, కానీ ఇక్కడ రోల్‌బ్యాక్ ఉండదు.