గృహనిర్వహణము: ప్రయాణపు బండిలో తూము

పూణే నుండి మచిలీపట్టణమునకు పోవు 65వ జాతీయ రహదారి జహీరాబాదు మీదుగా సాగును. ఆ దారిని ఝరాసంగమునకు, కేతకీ సంగమేశ్వరుని దర్శనార్థము, వంటగది గల బండిలో బయలుదేరు గృహిణి మొదట తూమును గమనింపవలయును.

బండిలోని గొట్టము ఇంటిగొట్టముకంటె సన్నము, వాలును తక్కువ. వేడి నూనె అందు చల్లారి గోడల కంటుకొనును. దానిపై జొన్నపిండియు మెతుకులును చేరి బిగియును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొననేల? పాత్రలను కడుగుటకు ముందే పాత కాగితముతో జిడ్డు తుడువుడు. తూముపై సన్నని జల్లెడ నుంచుడు. రాత్రి పని ముగియగనే చేయి ఓర్చునంత వేడినీటిలో సబ్బు కలిపి చెంబెడు పోయుడు. మరుగు నీరు వలదు. ప్లాస్టిక్ గొట్టము మెత్తబడి కీళ్లు వదలును.

గొట్టపు వంపులో నీరు నిలుచుట దోషము కాదు. దుర్వాసనను ఆపునది ఆ నీరే. కుదుపులకు అది తొలగిపోయినచో గ్లాసెడు నీరు పోసిన చాలును.

తూము పూడినచో రబ్బరు గిన్నెతో నొక్కి లాగుడు. అప్పటికిని పోనిచో క్రింద పాత్ర పెట్టి, వంపును విప్పి కడుగుడు. ఆమ్లమును బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపకుడు. అందు పుట్టు క్లోరిన్ వాయువు మూసిన బండిలో పసిబిడ్డల ప్రాణములకే ముప్పు.

పీపాలో చేరిన మురుగును కోనేటి గట్టునగాని మంజీరా యొడ్డునగాని విడువక, మురుగుకాలువ గల చోటనే పారబోయుడు. తీర్థమునకు పోయి తీర్థమునే మలినపఱచుట మనకు తగదు.