కొత్త పిల్లలకు వేరు దొడ్డి

సంత నుండి గొఱ్ఱెపిల్లలు వచ్చిన నాడు రైతు ఇంట సందడి ఇంతింత కాదు. ఆ సంబరంలో వాటిని నేరుగా పాత మందలో కలిపివేయడం పలుచోట్ల పరిపాటి. ఇంటికి చేటు తెచ్చేది ఈ తొందరపాటే.

పి.పి.ఆర్. అనబడే పారుడు రోగాన్నే తీసుకొనండి. 1942లో ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో గుర్తింపబడిన ఈ వ్యాధి 1987లో తమిళనాడులో బయటపడి, క్రమంగా దేశమంతటా వ్యాపించింది. వైరస్ సోకిన పిల్ల నాలుగైదు దినాలు ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పిమ్మట జ్వరం, చీమిడి, నోటిపుండ్లు, పారుడు. అమ్మినవాడు నిజాయితీపరుడే కావచ్చును. రోగం ఆతని కంటికీ కనబడదు.

కనుక కొత్తవాటిని మూడు వారాలు వేరు దొడ్డిలో ఉంచవలె. నీటితొట్టి, మేత కూడ వేరుగానే ఉండవలె. ముందు పాత మంద పని ముగించి, ఆ తరువాతనే వీటి వద్దకు పోవలె. ప్రయాణపు బడలికతో వచ్చినవాటికి తొలుత మంచినీరు, ఎండుగడ్డి చాలును. జాలిపడి ఒక్కసారిగా దాణా మెండుగా పెట్టినచో చిటుకు రోగం తలయెత్తుతుంది. రాత్రి గంతులు వేసిన పిల్ల తెల్లవారుసరికి చచ్చిపడి ఉంటుంది. దాణా కొద్దికొద్దిగా పెంచవలె.

ఈలోగా పశువైద్యునికి చూపి, నట్టల మందు త్రాగించి, టీకాల సంగతి అడిగి తెలుసుకొనవలె. నాలుగు నెలల వయసు దాటిన పిల్లకు పారుడు టీకా ఒక్కమారు వేయించినచో సుమారు మూడేండ్లు రక్షణ ఉంటుంది.

చిన్న రైతుకు పెండ్లి ఖర్చయినా, వైద్యపు ఖర్చయినా ఆదుకొనేది మందయే. అట్టి మందను కాపాడుకొనడానికి కొత్తవాటిని 21 దినాలు వేరుగా ఉంచడం పెద్ద శ్రమ కాదు.